పెరుగు తింటే షుగర్ రాదా?

2024 మార్చిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, పెరుగు డబ్బాల మీద ఒక మాట వేసుకోవడానికి కంపెనీలకు ఒప్పుకుంది. వారానికి కనీసం 2 కప్పుల పెరుగు తింటే టైప్-2 డయాబెటిస్ ముప్పు తగ్గవచ్చు, 'పరిమిత ఆధారాల ప్రకారం' అని. ఈ వార్త వాట్సాప్‌లో తిరిగేటప్పుడు ఆ చివరి మాటలే రాలిపోతాయి.

అసలు సంగతి మాత్రం వాటిలోనే ఉంది. ఆ ఆధారాలు ఎక్కువగా జనం ఏం తింటున్నారో ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలవి. రోజూ పెరుగు తినేవాళ్లు నడక కూడా ఎక్కువ నడుస్తారేమో, కూల్‌డ్రింకులు తక్కువ తాగుతారేమో. ఆ లెక్క పూర్తిగా విడదీయడం కష్టం.

మరి బ్యాక్టీరియా సంగతి? పెరుగుతో లోపలికి వెళ్లినవి చాలావరకు పేగులో కాపురం పెట్టవు, కొన్నాళ్లకు బయటికి పోతాయి. ఇజ్రాయెల్‌లోని వైజ్మన్ పరిశోధన సంస్థ 2018లో ప్రోబయోటిక్స్ (మేలు చేస్తాయని ఇచ్చే బతికున్న బ్యాక్టీరియా) తీసుకున్నవాళ్ల పేగుల్లోకి ఎండోస్కోపీతో చూస్తే, కొందరిలో అవి నిలదొక్కుకున్నాయి, కొందరిలో అస్సలు నిలవలేదు. మీ పక్కింటివాళ్లకు పనిచేసిన ప్రోబయోటిక్ క్యాప్సూల్ మీకు పనిచేయకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

2021లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 36 మంది ఆరోగ్యవంతులతో చేసిన ప్రయోగం నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది. పది వారాలు సగం మంది పెరుగు, కెఫిర్ (పులియబెట్టిన పాల పానీయం), కిమ్చీ (కొరియా వాళ్ల పులిసిన క్యాబేజీ) లాంటి పులిసిన ఆహారం పెంచారు, మిగతావాళ్లు పీచు పెంచారు. పులిసినవి తిన్నవాళ్ల పేగుల్లో సూక్ష్మజీవుల రకాలు పెరిగాయి, రక్తంలో ఒంటి లోపలి వాపుకు (ఇన్‌ఫ్లమేషన్) సంబంధించిన 19 ప్రోటీన్లు తగ్గాయి. అలాంటి వాపు ఏళ్ల తరబడి ఉంటే ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవచ్చు. కాకపోతే వాళ్లు తిన్నది రోజుకు దాదాపు ఆరు సర్వింగులు! భోజనం చివర ఒక గరిటె పెరుగు కాదు.

బతికున్న బ్యాక్టీరియానే కావాలా అన్నది ఇంకా తేలలేదు. అక్కర్‌మాన్సియా అనే పేగు బ్యాక్టీరియాను 2019లో బెల్జియంలో అధిక బరువున్నవాళ్లకు మూడు నెలలు ఇచ్చారు. వేడిచేసి చంపినదే ఇన్సులిన్ పనితీరును మెరుగుపరిచింది. చివరిదాకా ఉన్నది మాత్రం 32 మందే. ఆవిరికి ఇడ్లీలో బ్యాక్టీరియా చస్తుంది కదా, మరి అదీ పనిచేస్తుందా అంటే, ఆ జాతి వేరు, ఈ జాతులు వేరు. మజ్జిగ పులుసు మరిగితే అందులోవీ చస్తాయి. పెరుగు పచ్చడిలో, చద్దన్నంలో మాత్రం బతికే ఉంటాయి.

పేగులో ఉన్న బ్యాక్టీరియాకు తిండి పీచు. గోరుచిక్కుడు, పప్పులు, కొర్రల్లోని పీచును పులియబెట్టి అవి బ్యూటిరేట్ లాంటి చిన్న ఆమ్లాలు తయారుచేస్తాయి. ఆ ఆమ్లాలు, ఇన్సులిన్ విడుదలను పెంచే జీఎల్‌పీ-1 అనే హార్మోన్ పుట్టడానికి తోడ్పడతాయి. డయాబెటిస్‌కు వాడే ఓజెంపిక్ ఇంజెక్షన్ అనుకరించేది ఈ హార్మోన్‌నే. పేగు బ్యాక్టీరియాకూ ఈ హార్మోన్‌కూ ఉన్న ఈ సంబంధం చూసే పెరుగును 'సహజ ఓజెంపిక్' అంటూ వీడియోలు చేస్తున్నారు. ఆ పోలిక నిలవదు. మన ఒంట్లో పుట్టే జీఎల్‌పీ-1 రెండు నిమిషాల్లోనే సగానికి తగ్గిపోతుంది, ఇంజెక్షన్‌లోని మందు సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది.