యువజన సేవల డబ్బు ఎందుకు నిలకడగా రాదు? అమెరికా నగరాల అనుభవం

అమెరికా నగరాల్లో బడ్జెట్ సమయం వచ్చిందంటే యువజన కార్యక్రమాలు నడిపే సంస్థలకు టెన్షన్ మొదలవుతుంది. బడి వదిలాక పిల్లల్ని చేరదీసే కేంద్రాలు, టీనేజర్లకు వేసవి ఉద్యోగాలు, ఇల్లు లేని కుర్రాళ్లకు వసతి... వీటిని నడిపేది చాలావరకు స్వచ్ఛంద సంస్థలే. డబ్బులో పెద్ద వాటా మాత్రం ప్రభుత్వానిది, అదీ నగరం చేతుల మీదుగా వచ్చేది.

మొదట్లో పరిస్థితి దాదాపు తలకిందులుగా ఉండేది. 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ షికాగోలో పేద వలస కుటుంబాలకు సాయపడే హల్ హౌస్ అనే కేంద్రాన్ని తెరిచినప్పుడు దాన్ని నిలబెట్టింది దాతల సొమ్ము. 1899లో అదే నగరంలో దేశపు తొలి బాలల కోర్టు ఏర్పడింది. అందులో పనిచేసే ప్రొబేషన్ అధికారులకు, అంటే కేసుల్లో ఉన్న పిల్లల్ని బయటే ఉంచి కనిపెట్టుకుని ఉండేవాళ్లకు, ప్రభుత్వ ఖజానా నుంచి జీతం ఇవ్వకూడదని ఆ చట్టంలోనే రాశారు. దాంతో హల్ హౌస్‌తో అనుబంధం ఉన్న మహిళలు చందాలు పోగుచేసి ఆ జీతాలు ఇచ్చారు. అంటే ప్రభుత్వ కోర్టు పనికి దాతలు ఖర్చు పెట్టుకున్నారన్నమాట.

పెద్ద మలుపు 1964లో వచ్చింది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేదరికంపై యుద్ధం ప్రకటించి తెచ్చిన చట్టంతో ఫెడరల్ డబ్బు, అంటే కేంద్ర ప్రభుత్వ సొమ్ము, నేరుగా స్థానిక సంస్థలకు చేరసాగింది. తమను దాటి తమ ఊళ్లోకే డబ్బు రావడం చాలామంది మేయర్లకు మింగుడుపడలేదు. 1967లో చట్టాన్ని సవరించి, ఆ సంస్థలపై అదుపు తీసుకునే వీలు స్థానిక ప్రభుత్వాలకు ఇచ్చారు. 1974లో వచ్చిన కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్‌తో (స్థానిక అభివృద్ధి పనులకు ఫెడరల్ ప్రభుత్వం ఒకే మొత్తంగా ఇచ్చే నిధి) ఎవరికెంత ఇవ్వాలో తేల్చే పెత్తనం మరింతగా సిటీ హాల్‌కు చేరింది. స్వచ్ఛంద సంస్థలు ఏటా అక్కడి తలుపు తట్టడం అలా అలవాటైంది.

1980ల మొదట్లో రీగన్ ప్రభుత్వం కోతలు పెట్టింది. ఫెడరల్ ఉపాధి పథకం కింద జీతాలు అందుకుంటూ స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసినవాళ్ల ఉద్యోగాలు పోయాయి. పిల్లల అవసరాలు మాత్రం తగ్గలేదు. భారం నగరాల మీద పడింది.

దీనికి శాన్‌ఫ్రాన్సిస్కో చూపిన దారి నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటుంది. అక్కడ పిల్లల హక్కుల కార్యకర్తలు సంతకాలు సేకరించి, 1991లో ప్రొపొజిషన్ జె పేరిట విషయాన్ని నేరుగా ఓటర్ల ముందు పెట్టి గెలిచారు. ఆస్తి పన్నులో కొంత వాటాను పిల్లల కోసం పక్కన పెట్టాలని నగర చార్టర్‌లోనే, అంటే నగరపు మూల చట్టంలోనే, రాయించారు. ఇందులో గట్టి షరతు ఇంకొకటుంది. కొత్త నిధి వచ్చింది కదా అని నగరం పిల్లలకు అప్పటికే పెడుతున్న ఖర్చు తగ్గించకూడదు. ఆ షరతే లేకపోతే ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కోవడం ఎంత సులువో ఊహించవచ్చు. 2000లో ఓటర్లు దీన్ని పొడిగించారు. 2014లో ఒకేసారి 25 ఏళ్లకు ఆమోదించారు. ఓక్లాండ్ 1996లో, పోర్ట్‌లాండ్ 2002లో తమ పద్ధతిలో ఇలాంటి నిధులే ఏర్పాటు చేసుకున్నాయి.

అయితే డబ్బు కేటాయించడం వేరు, అది చేతికి అందడం వేరు. చాలా నగర కాంట్రాక్టుల్లో సంస్థ ముందు ఖర్చు పెట్టాలి, తర్వాత బిల్లు పెట్టి రాబట్టుకోవాలి. న్యూయార్క్‌లో కాంట్రాక్టు నగర ఆర్థిక లెక్కలు చూసే కంప్ట్రోలర్ కార్యాలయంలో నమోదైతే తప్ప చెల్లింపు మొదలవదు. పని మొదలై నెలలు గడిచాక కూడా నమోదు కాని కాంట్రాక్టులు అక్కడ మామూలే. ఈలోగా జీతాలకు, అద్దెకు సంస్థలు అప్పు చేస్తాయి, ఆ వడ్డీ భారమూ సాధారణంగా వాటిదే. పెద్ద సంస్థ తట్టుకుంటుంది. ఒకే పేటలో నలుగురైదుగురితో నడిచే చిన్న సంస్థ తట్టుకోలేదు. నిజానికి ఆ పేట కుర్రాళ్ల పేర్లు, వాళ్ల ఇళ్లు తెలిసినవాళ్లు తరచుగా ఈ చిన్న సంస్థల్లోనే ఉంటారు. నా దృష్టిలో ఇది కోతలకంటే తక్కువ అన్యాయమేమీ కాదు.

కోవిడ్ తర్వాత 2021లో ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాలకు, స్థానిక ప్రభుత్వాలకు 35,000 కోట్ల డాలర్లు ఇచ్చింది. చాలా నగరాలు అందులో కొంత యువజన కార్యక్రమాలకు మళ్లించాయి. కానీ ఆ సొమ్మును 2024 చివరికల్లా ఒప్పందాల్లో పెట్టేయాలని, 2026 చివరికల్లా ఖర్చు చేసేయాలని గడువులు పెట్టింది. ఆ డబ్బుతో మొదలైన కార్యక్రమాలను కొనసాగించాలంటే నగరాలు ఇక సొంత బడ్జెట్లలోనే చోటు చూపించాలి, లేదా శాన్‌ఫ్రాన్సిస్కోలా ఓటర్లను అడగాలి.