కొరియా వెళ్తున్న పిల్లలకు

చిరంజీవులందరికీ ఆశీస్సులు.

మీ అందరికీ వీసాలు వచ్చేశాయని తెలిసింది. చాలా సంతోషం. మీలో సగం మందికి కొరియా అంటే బీటీఎస్ పాటలు, అర్ధరాత్రి దాకా మేలుకుని చూసే సీరియళ్ళు. అందులో తప్పేమీ లేదు, సీరియళ్ళు నేనూ చూస్తాను. అయితే మీరు వెళ్తున్నది టూరుకి కాదు. కొన్ని రోజులు ఒక కొరియా కుటుంబం మిమ్మల్ని తమ ఇంట్లో పెట్టుకుంటుంది. రాజభవనాలు పెద్దయ్యాక సొంత డబ్బుతో వెళ్ళి అయినా చూడొచ్చు. ఆ ఇంటి తాతగారి పక్కన కూర్చుని అన్నం తినే అవకాశం మాత్రం మళ్ళీ రాకపోవచ్చు. అందుకే ఈ ఉత్తరంలో భోజనం దగ్గరి సంగతులే ఎక్కువ రాస్తున్నాను.

గుమ్మం దగ్గర చెప్పులు విప్పడం మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. చలికాలమైతే లోపల నేల వెచ్చగా తగులుతుంది. దాన్ని ఒండోల్ అంటారు. పూర్వం వంటింటి పొయ్యి వేడి గది నేల కింద కట్టిన కాలవల్లోంచి వెళ్ళి రాతి పలకల్ని వేడెక్కించేది. ఇప్పుడు ఆ పని వేడినీటి గొట్టాలు చేస్తున్నాయి. నేల మీద కూర్చోవడం, పడుకోవడం వాళ్ళకి అంత ఇష్టం కావడానికి ఈ వెచ్చదనం ఒక కారణం.

పరిచయమైన కాసేపటికే మీ వయసెంత అని అడుగుతారు. ఉలిక్కిపడకండి. వాళ్ళ భాషలో మర్యాదకు మనకంటే మెట్లు ఎక్కువ. ఎదుటివాళ్ళు పెద్దా చిన్నా తెలియకపోతే ఎలా మాట్లాడాలో వాళ్ళకి తేలదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. పాత లెక్కలో బిడ్డ పుట్టగానే ఒక ఏడాది వయసు, కొత్త సంవత్సరం రాగానే అందరికీ ఇంకో ఏడాది. 2023 జూన్ 28 నుంచి చట్టం ప్రకారం మనందరి లెక్కే వాళ్ళదీ. అయినా ఇళ్ళలో పెద్దవాళ్ళు పాత లెక్క అంత తొందరగా వదులుతారా? మీరు పుట్టిన సంవత్సరం చెప్పేయండి, గొడవ ఉండదు.

ఇక భోజనం. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళు చెంచా పట్టుకునేదాకా ఆగండి. అన్నం, సూప్ చెంచాతో తింటారు, కూరలు చాప్‌స్టిక్స్‌తో తీసుకుంటారు. అవి సన్నటి లోహపు పుల్లలు, జారిపోతాయి. ఇప్పటినుంచే ఇంట్లో వేరుశనగ గింజలతో ప్రాక్టీసు చేయండి. అన్నం గిన్నె బల్ల మీదే ఉండాలి, జపాన్‌లోలాగా చేతిలోకి ఎత్తరు. పుల్లల్ని అన్నంలో నిలువుగా గుచ్చొద్దు, పోయినవాళ్ళకి పెట్టే అన్నం అలా ఉంటుంది. పెద్దవాళ్ళు ఏది ఇచ్చినా రెండు చేతులతో తీసుకోండి, మీరిచ్చినా అంతే. మీ గ్లాసులో నీళ్ళు పోసుకునే ముందు పక్కవాళ్ళ గ్లాసు ఖాళీగా ఉందేమో చూడండి.

చేత్తో తినేది ఏదీ ఉండదా అంటే, ఉంటుంది. ఆకులో కాస్త అన్నం, మాంసం ముక్క, మసాలా ముద్ద పెట్టి పొట్లంలా చుట్టి ఒకేసారి నోట్లో పెట్టుకుంటారు. దాని పేరు స్సామ్. ఆ ఇంటి అమ్మ అలా చుట్టి నేరుగా మీ నోటికి అందిస్తే సిగ్గుపడి వెనక్కి జరగకండి. ఆవిడకి మీరు నచ్చారన్నమాట.

శాకాహారులు ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. కిమ్చీ చూడ్డానికి ఒట్టి క్యాబేజీ పచ్చడిలా ఉంటుంది గానీ చాలామంది అందులో ఉప్పు రొయ్యలో, చేపల సాసో కలుపుతారు. కూరగాయల సూప్‌కి కూడా చాలాసార్లు ఎండు చేపలు మరిగించిన నీళ్ళే వాడతారు. కాబట్టి మాంసం వద్దంటే సరిపోదు, చేప, రొయ్య, గుడ్డు అన్నీ పేరుపేరునా చెప్పాలి. అదీ బల్ల దగ్గర కాదు, వెళ్ళకముందే మీ ప్రయాణం చూసుకునే కోఆర్డినేటర్‌తో రాయించి పంపండి. మీకోసం రోజంతా వండిన ఇల్లాలు మీరు పళ్ళెం పక్కకి నెట్టడం చూస్తే ఎంత బాధపడుతుందో ఆలోచించండి.

నవంబరు చివర్లో వెళ్ళేవాళ్ళు అదృష్టవంతులు. అది కిమ్జాంగ్ కాలం. చలికాలానికి సరిపడా కిమ్చీ ఒక్కసారే పెట్టుకుంటారు. వేసవిలో మన ఆవకాయ హడావుడి లాంటిదే, చుట్టాలు, ఇరుగుపొరుగు చేరి ఉప్పులో నానిన క్యాబేజీ పొరపొరకీ కారం పూసి, పంచుకుని ఎవరి వాటా వాళ్ళు తీసుకెళ్తారు. 2013లో యునెస్కో దీన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పిలిస్తే తప్పకుండా వెళ్ళండి, చేతికి రబ్బరు తొడుగులు వాళ్ళే ఇస్తారు.

పళ్ళెంలో ఏమీ వదలొద్దు. ఇది మర్యాదకే కాదు, లెక్కకి కూడా. అక్కడ 1995 నుంచి చెత్త ఎంత పారేస్తే అంత డబ్బు కట్టాలి. ఆహార వ్యర్థాలు వేరే డబ్బాలో వేయాలి. చాలా అపార్ట్‌మెంట్లలో ఆ డబ్బా తూకం వేసి మరీ ఆ ఇంటి ఖాతాలో రాస్తుంది. ఏది ఏ డబ్బాలో వేయాలో మొదటిరోజే అడిగి తెలుసుకోండి.

బౌద్ధ ఆలయంలో ఒక రాత్రి గడిపే కార్యక్రమం కూడా ఉండొచ్చు. దాన్ని టెంపుల్‌స్టే అంటారు, 2002 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కి వచ్చినవాళ్ళ కోసం మొదలైంది. తెల్లవారకముందే లేపుతారు, 108 సాష్టాంగాలు చేయిస్తారు, మోకాళ్ళు పట్టేస్తాయి. తిండి మాత్రం శాకాహారులకు పండగే. అయితే ఆలయ వంటలో వెల్లుల్లి, ఉల్లి వేయరు. హేయిన్సా ఆలయానికి తీసుకెళ్తే అక్కడి చెక్క అచ్చుల కథ వినండి. మంగోలుల దాడులు జరుగుతున్న 13వ శతాబ్దంలో బౌద్ధ గ్రంథాలన్నిటినీ 80 వేలకు పైగా చెక్క పలకల మీద చెక్కారు. మన కృష్ణా తీరంతో పేరు ముడిపడిన ఆచార్య నాగార్జునుడి మధ్యమక శాస్త్రం కూడా చైనా భాషలో ఆ పలకల మీద ఉంది. ఈ మాట మీరే వాళ్ళకి చెబితే భలే సంతోషిస్తారు.

వాళ్ళు మీకు చెప్పే కథ వేరే ఉంటుంది. క్రీ.శ. 48లో అయుత అనే దూరదేశం నుంచి ఒక రాకుమారి ఓడలో కొరియాకి వచ్చి అక్కడి సురో రాజును పెళ్ళాడిందని 13వ శతాబ్దపు పుస్తకం ఒకటి చెబుతోంది. ఆ అయుత అయోధ్యే అని చాలామంది నమ్మకం. చరిత్రకారులు మాత్రం ఒప్పుకోవడానికి తటపటాయిస్తారు. నిజమా అబద్ధమా అని వాదనకి దిగకండి. గిమ్హే నగరంలో ఆమె సమాధికి ఇప్పటికీ మొక్కేవాళ్ళున్నారు, తమ వంశానికి ఆమే తల్లి అని లక్షలమంది చెప్పుకుంటారు.

ఆగస్టు 15 వాళ్ళకి కూడా పండగే. 1910 నుంచి సాగిన జపాన్ పాలన 1945లో ఆ రోజుతో ముగిసింది. కానీ సంతోషం నిలవలేదు. దేశం రెండు ముక్కలైంది, 1950లో యుద్ధం వచ్చింది. ఆ యుద్ధంలో మన దేశం పోరాడే సైనికుల్ని పంపలేదు, 60వ పారాచ్యూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్యదళాన్ని పంపింది. ఉత్తర కొరియా సరిహద్దు దగ్గర ఇమ్జింగాక్ అనే పార్కుకి తీసుకెళ్తే అక్కడ సెల్ఫీల గోల వద్దు. ఉత్తరాన ఉండిపోయిన అన్నదమ్ముల కోసం వచ్చి నిలబడే ముసలివాళ్ళు ఉంటారు. ఇంట్లో తాతగారు ఆ రోజుల గురించి తనంతట తాను మాట్లాడితే వినండి, మీరుగా తవ్వకండి.

హన్‌బోక్ అంటే వాళ్ళ సంప్రదాయ దుస్తులు. అవి వేసుకుంటే సియోల్‌లోని గ్యోంగ్‌బోక్ రాజభవనానికి టికెట్ ఉండదు, సరదాగా వేసుకోండి. బుక్‌చోన్ పాత ఇళ్ళ వీధుల్లో మాత్రం గొంతు తగ్గించండి. అవి సెట్టింగులు కావు, లోపల కాపురాలు ఉన్నాయి. సందర్శకుల తాకిడి భరించలేక కొన్ని వీధుల్లోకి సాయంత్రం 5 తర్వాత టూరిస్టుల్ని రానివ్వడం లేదు.

కొరియా అక్షరాలు నేర్చుకుని వెళ్ళండి. 14 హల్లులు, 10 అచ్చులు, వారంలో వచ్చేస్తాయి. చైనా లిపి సామాన్యులకు అందడం లేదని సెజోంగ్ రాజు వీటిని తయారు చేసి 1446లో ప్రకటించాడు. పండితులు కొందరు వద్దని మొత్తుకున్నారు కూడా. పెనుకొండ వైపు పిల్లలు కియా ఫ్యాక్టరీ చుట్టుపక్కల బోర్డుల మీద ఈ అక్షరాలు ఈపాటికే చూసి ఉంటారు, ఒకసారి చదివి చూడండి.

మీరేం పట్టుకెళ్తున్నారు? ఏటికొప్పాక బొమ్మలు తేలిక, పగలవు. ఇచ్చేటప్పుడు రెండు చేతులూ వాడండి, మీ ఎదుట విప్పి చూడకపోతే నచ్చలేదనుకోకండి. ఒక పూట వంట మీరు చేస్తామని అడగండి. ముద్దపప్పు, నెయ్యి, గోంగూర పచ్చడి చాలు. చేత్తో కలుపుకోవడం ఆ పిల్లలకి మీరే నేర్పాలి.

గూగుల్ మ్యాప్స్‌ని నమ్ముకోవద్దు, ఫోన్‌లో వాళ్ళ నేవర్ మ్యాప్ యాప్ పెట్టుకోండి. ప్లగ్గు రెండు గుండ్రటి పిన్నులది. వాళ్ళ గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు. మీకు రాత్రి పదయితే ఇక్కడ సాయంత్రం ఆరున్నర, మీ అమ్మానాన్నలకి అప్పుడు ఫోన్ చేయండి.

ఇట్లు,
మీ పెద్దమ్మ