గోడ చెమ్మ: అపోహలు – వాస్తవాలు

అపోహ: వాటర్‌ప్రూఫ్ పెయింట్ కొడితే చెమ్మ ఆగుతుంది.

ఆగదు, ఇంకా పైకి పాకుతుంది. కోనసీమలో జనం డబ్బు తగలేసేది ఎక్కువగా దీనికే. నేలలోని నీరు ఇటుక లోపలి సన్నటి రంధ్రాల అంచులను అంటుకుని ఎక్కుతుంది. రంధ్రం ఎంత సన్నమైతే అంత ఎత్తు: వ్యాసార్థం 1 మి.మీ. ఉంటే ఒకటిన్నర సెంటీమీటర్లు, అందులో వందో వంతుంటే ఒకటిన్నర మీటర్లు. గోడ ఉపరితలం నుంచి తడి ఆరిపోతూ ఉండటం వల్లే అది ఎక్కడో ఒకచోట ఆగుతోంది. లప్పం, పెయింట్, 1:3 సిమెంటు ప్లాస్టరింగ్‌తో ఆ దారి మూస్తే మోకాలెత్తు చెమ్మ నడుం దాకా వస్తుంది. వేసవిలో కాలువలు కట్టేశాక గోడ ఆరినట్టుంటుంది, పెయింట్ అప్పుడే వేయిస్తారు. కాలువలు వదలగానే పెచ్చులు లేస్తాయి.

నీటిని అడుగునే ఆపాలి. కొత్త ఇంటికైతే బేస్‌మెంట్ పైన 40 మి.మీ. మందాన 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటుతో డీపీసీ, అంటే చెమ్మను పైకి ఎక్కనివ్వని అడ్డుపొర వేసి, ఆరాక చదరపు మీటరుకు 1.7 కిలోల వేడి తారు పూయాలి. ఆనక వాకిలి మెరక చేయించి ఆ డీపీసీని మట్టిలో కప్పెయ్యకండి, ఎంత బాగా వేసినా వృథా.

పాత ఇంటికి, నేలకు 15 సెం.మీ. ఎత్తున ఇటుకల సందులో 12 మి.మీ. రంధ్రాలు, 10–12 సెం.మీ. ఎడంగా వేయాలి. తొమ్మిదంగుళాల గోడకు లోతు 19 సెం.మీ. దుమ్ము తీసి సైలేన్ క్రీమ్ నింపాలి. అది ఇటుక రంధ్రాలను పూడ్చదు. చేమాకు మీద బొట్టులా, నీరు వాటి అంచులకు అంటకుండా చేస్తుంది.

అపోహ: క్రీమ్ ఎక్కించినా గోడ చెమర్చింది, పని చెడినట్టే.

కంగారు పడకండి. ఏళ్ళ తరబడి నీటితో ఎక్కిన ఉప్పు ప్లాస్టరింగ్‌లోనే ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు గాలిలోంచే నీరు లాగి కరుగుతుంది. మన వానాకాలంలో ఆ తేమకు కొదవేముంది? చెమ్మ గీత పైన అర మీటరు దాకా పాత ప్లాస్టరింగ్ కొట్టించాలి. తేలిన ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి; కడిగితే కరిగి మళ్ళీ ఇటుకలోకే పోతుంది. గోడ ఆరడానికి అంగుళానికి నెల చొప్పున ఆగాలి, అంటే దాదాపు తొమ్మిది నెలలు. రెండు వారాలకే తాపీ పట్టడం వల్లే ఖర్చు రెండోసారి పడుతోంది. ఆరాక 1:1:6 సిమెంటు, సున్నం, ఇసుక ప్లాస్టరింగ్, పైన సున్నం.

అపోహ: సముద్రపు ఇసుక వాడారు కాబట్టే చెమ్మ ఎక్కుతోంది.

కొన్ని ఇళ్ళలో నిజమే, కానీ మంచి ఇసుకతో కట్టినా డీపీసీ లేకపోతే చెమ్మ ఎక్కుతుంది.

అపోహ: ఉప్పు రాలుతోందంటే ఇల్లు కూలిపోతుంది.

పుకారు. సిమెంటుతో కట్టిన ఇటుక గోడ చెమ్మ పట్టినంత మాత్రాన కూలదు. మట్టికట్టు గోడైతే మాత్రం అడుగు వరసలు మెత్తబడ్డాయేమో మేస్త్రీ చేత చూపించండి.