కాఫీ తాగితే కండరంలో కాల్షియం గేట్లు తెరుచుకుంటాయా?

జిమ్‌కి వెళ్లేముందు ఓ కప్పు కాఫీ పడితే కెఫీన్ నేరుగా కండరాల్లోకి కాల్షియం వదిలేస్తుందని, బలం వచ్చేది అందుకేనని ఒక మాట బాగా తిరుగుతోంది. కాఫీ వల్ల వ్యాయామానికి కాస్త లాభం ఉన్నమాట నిజమే. చెప్పే కారణమే ల్యాబ్‌ది, కప్పుది కాదు.

కణం బయట ఉన్న కాల్షియంతో పోలిస్తే లోపల స్వేచ్ఛగా తిరిగేది దాదాపు పదివేలో వంతు. మిగతాదాన్ని కణం ఎప్పటికప్పుడు తోడేస్తూనే ఉంటుంది, కొంత బయటికి, కొంత తన లోపలి సంచుల్లోకి. తోడే పంపులకి ఇంధనం ఏటీపీ (1929లో అమెరికన్ శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు కనిపెట్టింది ఇదే). ఇంత ఖర్చు దేనికంటే, లోపల అంత తక్కువ ఉంటేనే రవ్వంత కాల్షియం వచ్చినా కణానికి కబురు అందుతుంది. కండరంలో ఆ సంచులకున్న గేటు పేరు రయనోడిన్ రిసెప్టర్. నాలుగు భాగాలు కలిసిన భారీ చానల్. అది తెరుచుకుంటే కండరం బిగుస్తుంది.

కప్ప కండరాన్ని గాఢమైన కెఫీన్ ద్రావణంలో ముంచితే, నరం నుంచి ఏ సంకేతమూ రాకుండానే బిగుసుకుపోతుంది. కెఫీన్ ఆ గేటుకి అతుక్కుని, కొద్దిపాటి కాల్షియంకే తెరుచుకునేలా చేస్తుంది మరి. కానీ మోతాదు చూడండి. ఇలాంటి ప్రయోగాల్లో వాడేది మిల్లీమోలార్లలో (ద్రావణం గాఢతకి కొలత), 2 మిల్లీమోలార్ అంటేనే లీటరుకు 390 మిల్లీగ్రాముల దాకా. కప్పు కాఫీ తర్వాత రక్తంలో ఉండేది లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు. 80 దాటితేనే ప్రాణం మీదికొస్తుంది, ఇక 390 ఎక్కడ!

మరి కప్పులో కెఫీన్ చేసేదేంటి? ఏటీపీ ఖర్చయ్యేకొద్దీ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుంటుంది. అది నరాల కొసల్లో ఏ1 రిసెప్టర్‌కి (ఇది గేటు కాదు, సంకేతం అందుకునే ప్రొటీన్) అతుక్కుని అక్కడి కాల్షియం చానళ్లకి బ్రేకు వేస్తుంది, నరం నుంచి నరానికి వెళ్లే రసాయనాలు తగ్గుతాయి. ఆ చోటు కెఫీన్ ముందే ఆక్రమిస్తే బ్రేకు పడదు. అంటే చానల్‌ని అది ముట్టుకోనే లేదు. మెలకువలో పెద్ద వాటా మాత్రం ఏ2ఏ అనే ఇంకో రిసెప్టర్‌ది, అది లేని ఎలుకలకి కెఫీన్ ఇచ్చినా నిద్ర చెడదు.

అలాగని ల్యాబ్ మోతాదు ఎందుకూ కొరగాదని కాదు. 1960లో మెల్‌బోర్న్ నుంచి డెన్‌బరో, లోవెల్ అనే డాక్టర్లు ఒక కేసు రాశారు: కాలు విరిగిన 21 ఏళ్ల కుర్రాడు, కాలు కంటే మత్తుమందుకే ఎక్కువ భయపడ్డాడు, ఎందుకంటే వాళ్ల చుట్టాల్లో పదిమంది మత్తు ఇచ్చాకే పోయారు. ఇలాంటి కుటుంబాల్లో చాలావాటికి లోపం రయనోడిన్ గేటు జన్యువులోనే ఉంటుందని తర్వాత తేలింది. హాలోథేన్ లాంటి మత్తు వాయువు తగిలితే గేటు మూసుకోదు, కండరాలు కొయ్యబారి ఒళ్లు కాలిపోతుంది. దీనికి విరుగుడైన డాంట్రోలీన్ ఇంజెక్షన్ వెంటనే పడాలి. అనుమానం ఉన్నవాళ్ల తొడ నుంచి చిన్న కండరం ముక్క తీసి, ఆ ముక్క బతికుండగానే దాని మీద కెఫీన్ కొద్దికొద్దిగా పెంచుతూ పోస్తారు. యూరప్ పద్ధతిలో 2 మిల్లీమోలార్‌కి గానీ అంతకంటే తక్కువకి గానీ అది కనీసం 0.2 గ్రాముల బలంతో లాగితే ప్రమాదం ఉన్నట్టే లెక్క. జన్యు పరీక్షలు వచ్చినా, ఆ జన్యువులో కనిపించే ప్రతి మార్పూ హానికరమో కాదో తేలడం లేదు కాబట్టి కండరం ముక్క పరీక్ష ఇంకా నడుస్తూనే ఉంది.