అన్ని సైజులకూ ఒకే టూలా? కరెంటు పనిలో అపోహలు – వాస్తవాలు

ఇళ్ల వైరింగ్ పనిలో 20 ఏళ్లుగా ఉన్నాను. కొత్తగా పనిలో చేరే కుర్రాళ్లు చేతిలో డబ్బు పడగానే కొనేది ‘మల్టీ’ అని రాసి ఉన్న టూల్సే. కొనడం తప్పు కాదు, నా సంచిలోనూ ఉన్నాయి. కానీ వాటి మీది అంకెలు దేనివో తెలుసుకోకుండా వాడితే ఆ తప్పు అదే రోజు కనిపించదు. కొన్ని నెలల తర్వాత బోర్డులోంచి మాడు వాసన వస్తుంది.

అపోహ: వైరు పైతొడుగు ఒలిచే స్ట్రిప్పర్‌లో అన్ని సైజులూ ఉన్నాయి, మన వైరుకు దగ్గరగా ఉన్న బెజ్జం చాలు.

వాస్తవం: నేను ఎక్కువ నష్టం చూసింది ఇక్కడే. మనం వైరు కొనేది స్క్వేర్ ఎంఎంలలో: 1, 1.5, 2.5, 4, 6. కానీ షాపుల్లో దొరికే చాలా స్ట్రిప్పర్ల మీద ఉండేవి అమెరికా గేజు అంకెలు, అంటే ఏడబ్ల్యూజీ. అందులో అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. 14 అంటే 2.08 స్క్వేర్ ఎంఎం, 12 అంటే 3.31. మన 2.5 ఆ రెండింటి మధ్య పడుతుంది. పాత మేస్త్రీలు 3/20, 7/20 వైరు (20 గేజు పోగులు మూడు, ఏడు) అంటారే, ఆ 20 బ్రిటిష్ గేజు. స్ట్రిప్పర్ మీది 20 వేరు, అది వేరు.

‘అన్నా, 14 దగ్గరగానే ఉంది కదా’ అంటారు కుర్రాళ్లు. ఒక ఇంట్లో గీజర్ సాకెట్ మాడిందని పిలిస్తే వెళ్లాను. 2000 వాట్ల గీజర్ తీసుకునేది 9 ఆంపియర్ల లోపే, 2.5 వైరుకు అది బరువే కాదు. సాకెట్ విప్పి చూస్తే టెర్మినల్ దగ్గర వైరు చుట్టూ గాటు, 36 పోగుల్లో పది దాకా తెగి ఉన్నాయి. మిగిలినవి స్క్రూ కింద గట్టిగా కూర్చోలేదు. లూజుగా ఉన్న చోట వేడి పుట్టి ప్లాస్టిక్ కరిగింది. ఆ వైరును 14 బెజ్జంలో పెట్టి ఒలిచింది మా జట్టు కుర్రాడే. వాడికి ఈ అంకెల సంగతి నేను చెప్పి ఉండాల్సింది.

ఇంకొకటి గమనించండి. కొన్ని స్ట్రిప్పర్ల మీద రెండు వరసల అంకెలుంటాయి, ఒకటి ఒంటి తీగకు, రెండోది పోగుల వైరుకు. మన ఇళ్లలో ఇప్పుడు వేసేది ఎక్కువగా పోగుల వైరే కాబట్టి చూడాల్సింది రెండో వరస. అందులో 1.5కి 14, 2.5కి 12, 4కి 10 వాడండి. బెజ్జం ఎప్పుడూ ఒక మెట్టు పెద్దదే ఉండాలి. పైతొడుగు కాస్త తెగకుండా మిగిలినా లాగితే ఊడి వస్తుంది, తెగిన పోగును మాత్రం అతికించలేం. మా కుర్రాళ్లతో టూల్ కొన్న రోజే మిగిలిన వైరు ముక్కలు నాలుగు ఒలిపించి, పోగులు లెక్కపెట్టించి, సరైన బెజ్జం పక్కన మార్కర్‌తో 1.5, 2.5, 4 అని రాయిస్తాను. కొనేటప్పుడే స్క్వేర్ ఎంఎం అంకెలున్నది దొరికితే ఇంకా మంచిది.

అపోహ: లగ్గును (వైరు చివర తొడిగి నొక్కే లోహపు ముక్క) కటింగ్ ప్లేయర్‌తో నొక్కినా ఒకటే.

వాస్తవం: ఒకటి కాదు. ప్లేయర్‌తో నొక్కితే లగ్గు చదునవుతుంది తప్ప లోపల పోగులు ఒకదానికొకటి ఒత్తుకోవు. లగ్గులు నొక్కే మల్టీ సైజు క్రింపింగ్ టూల్‌లో ఎరుపు గుర్తు 0.5 నుంచి 1.5 వరకు, నీలం 1.5 నుంచి 2.5 వరకు, పసుపు 4 నుంచి 6 వరకు. ఈ రంగులు ప్లాస్టిక్ తొడుగు ఉన్న లగ్గులకే. తొడుగు లేని లగ్గును అదే గాడిలో పెడితే పట్టు సరిగా రాదు, దానికి వేరే అచ్చు కావాలి. డబ్బు ఎక్కడైనా ఎక్కువ పెట్టాలంటే ఇక్కడే పెట్టమంటాను. రాచెట్ ఉన్న టూల్ పూర్తిగా నొక్కేదాకా వదలదు కాబట్టి సాయంత్రం చెయ్యి అలసిపోయినా పట్టు మారదు. నొక్కాక ప్రతి లగ్గునూ ఒకసారి లాగి చూడండి.

అపోహ: ఒక్క స్టార్ బిట్‌తో అన్ని స్క్రూలూ తిప్పొచ్చు.

వాస్తవం: చాలా ఎంసీబీల (లోడు ఎక్కువైతే కరెంటు తానే ఆపే బోర్డు స్విచ్చుల) టెర్మినల్ స్క్రూలకు ఉండేది మామూలు స్టార్ కాదు, పోజీడ్రైవ్. ప్లస్ గుర్తు మధ్య సన్నటి అడ్డగీతలు కనిపిస్తే అదే. మామూలు బిట్ పెడితే జారి తల అరిగిపోతుంది, ఆ తర్వాత ఎవరూ దాన్ని సరిగా బిగించలేరు.

అపోహ: పిడికి రబ్బరు ఉంటే షాక్ కొట్టదు.

వాస్తవం: చాలా పిడుల మీది తొడుగు చేతికి పట్టు కోసమే. షాక్ నుంచి కాపాడేలా చేసిన టూల్ మీద రెండు త్రిభుజాల గుర్తు, 1000 వోల్ట్‌లు అనే ముద్ర, ఐఈసీ 60900 అనే స్టాండర్డ్ నంబరు ఉంటాయి. అలాంటి ప్రతి టూల్‌నూ 10,000 వోల్ట్‌లతో పరీక్షిస్తారు. మార్చుకునే బిట్లున్న మామూలు మల్టీ స్క్రూడ్రైవర్‌కు కాడ అంతా ఇనుమే, కరెంటు ఉన్న బోర్డులో పెట్టొద్దు. మెయిన్ ఆపాక కూడా ప్రతి వైరునూ టెస్ట్ చేయండి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ కట్టేసినా ఫ్యాన్లు, లైట్ల వైర్లలో కరెంటు ఉంటుంది. ఇన్వర్టర్‌ను విడిగా ఆపాలి.