టీనేజీ పుస్తకాల పండుగ: అపోహలు - వాస్తవాలు

జూన్ నెలాఖరులో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ వార్షిక మహాసభ నుంచి తిరిగి వచ్చిన మర్నాడు, మా లైబ్రరీ టీనేజీ విభాగంలో ఒక పొడవాటి బల్ల మీద నేను తెచ్చిన పుస్తకాలన్నీ పరుస్తాను. పిల్లలు చుట్టూ మూగుతారు. వాళ్ళ వెనక నిలబడ్డ తల్లిదండ్రుల్లో తెలుగువాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళు ప్రశ్నలు మొదలుపెడతారు. ఇంటికి ఫోను చేస్తే అమ్మా పిన్నీ అడిగేవి కూడా దాదాపు అవే. అమెరికాలో ఒక చిన్న పట్టణపు పబ్లిక్ లైబ్రరీలో పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లల విభాగం చూసుకుంటూ పన్నెండేళ్ళు గడిచాయి. ఈ ప్రశ్నలకు నిలబడి చెప్పే రెండు ముక్కల జవాబు చాలదనిపించి, కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: మహాసభ అంటే ఊరికే పుస్తకాలు పంచే జాతర, లైబ్రేరియన్లకు విహారయాత్ర.

“ఏమ్మా, ఇవన్నీ ఊరికే ఇచ్చారా?” అని ఒక పెద్దాయన ఏటా అడుగుతారు. డబ్బు తీసుకోని మాట నిజమే. అయితే ఆ బల్ల మీద ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఇంకా అమ్మకానికి రాని పుస్తకాలు. విడుదలకు కొన్ని నెలల ముందు ప్రచురణకర్తలు సమీక్షకులకూ లైబ్రేరియన్లకూ పుస్తకాల దుకాణాలవారికీ ఇచ్చే ముందస్తు ప్రతులు. ప్రూఫులు పూర్తిగా దిద్దినవి కావు. ‘అమ్మకానికి కాదు’ అని అట్ట మీదే అచ్చు వేస్తారు. వాటికి బార్‌కోడ్ అంటించి లైబ్రరీ అరల్లో పెట్టకూడదు. అవి మా పనిముట్లు. రాబోయే నెలల్లో వచ్చే పుస్తకాల్లో మా పట్టణపు పిల్లలకు ఏది కొనాలి, దేనికి ఒక్క ప్రతి చాలు, దేనికి నాలుగు కావాలి అన్నది వాటిని చదివే తేల్చుకుంటాం.

ప్రతి ముందస్తు ప్రతినీ మా పఠన బృందంలో ఎవరో ఒకరికి ఇచ్చి, లోపల ఒక చీటీ పెడతాను. ఎక్కడ ఆపేయాలనిపించింది, దీన్ని ఎవరికి ఇమ్మంటావు అని రెండే ప్రశ్నలు. ఒకసారి పదిహేనేళ్ళ అబ్బాయి ఓ నవలను మూడు రోజుల్లో తిరిగి తెచ్చేశాడు. చీటీ మీద ఒకే వాక్యం: “ఇందులో అబ్బాయి మా నాన్న మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు.” ఆ నవలకు పత్రికల్లో మంచి సమీక్షలు వచ్చాయి. నేను ఒక్క ప్రతే కొన్నాను. ఆ వాక్యం నాకు ఏ సమీక్షకన్నా ఎక్కువ పనికొచ్చింది.

ఇక విహారయాత్ర సంగతి. స్టాళ్ళుండే హాలు మహాసభలో ఒక భాగం మాత్రమే. మిగతా గదుల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సమావేశాలు నడుస్తాయి. బడి వదిలాక సాయంత్రం దాకా ఇంట్లో ఎవరూ లేని పిల్లలకు లైబ్రరీ ఏం చేయాలి? ఇల్లు లేని పదహారేళ్ళ అమ్మాయి, చిరునామా రుజువు లేకుండా సభ్యత్వం అడిగితే ఏం చెప్పాలి? ఇవన్నీ ఇంకో రాష్ట్రంలోని ఇంకో లైబ్రేరియన్ చేసి చూసిన పద్ధతులు విని నేర్చుకున్నవే. మాలో చాలామంది ప్రయాణ ఖర్చు సొంత డబ్బుతో పెట్టుకుంటారు. స్టాళ్ళు చూడటానికి మాత్రమే తక్కువ ధరకు విడిగా టిక్కెట్టు ఉంటుంది. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటి ఏడాది దానితో మొదలుపెట్టమని చెబుతాను.

అపోహ: పురస్కారం వచ్చిన పుస్తకమంటే పిల్లలకు మంచి బుద్ధి నేర్పేది.

మన తల్లిదండ్రులతో నేను ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే. ఒక తండ్రి నా దగ్గరికి వచ్చి, అట్ట మీద పురస్కారపు గుండ్రటి ముద్ర ఉన్న పుస్తకాలన్నీ వరసగా రాసిమ్మన్నారు. వేసవి సెలవుల్లో కూతురితో అన్నీ చదివిస్తారట. ఆయన శ్రద్ధకు నమస్కరించాలి. కానీ ఆ ముద్రకు అర్థం ఆయన అనుకున్నది కాదు.

టీనేజీ సాహిత్యానికి అమెరికాలో ఇచ్చే పెద్ద పురస్కారం ప్రింట్జ్. కాన్సాస్ రాష్ట్రంలోని టొపీకాలో బడి లైబ్రేరియన్‌గా పనిచేసిన మైకేల్ ప్రింట్జ్ పేరు మీద 2000లో మొదలైంది. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌లో టీనేజీ సేవల విభాగమైన యాల్సా దీన్ని ఇస్తుంది. ఏటా ఒక విజేత, నాలుగుకు మించకుండా గౌరవ పుస్తకాలు. నియమావళిలోనే స్పష్టంగా ఉంది: చూడవలసింది సాహిత్య విలువ. ప్రజాదరణ కొలమానం కాదు, పుస్తకం ఇచ్చే సందేశమూ కాదు.

తొలి విజేత వాల్టర్ డీన్ మైయర్స్ రాసిన ‘మాన్‌స్టర్’. హత్య కేసులో బోనెక్కిన పదహారేళ్ళ కుర్రవాడు, తన విచారణను తానే సినిమా స్క్రిప్టులా రాసుకుంటాడు. మధ్యమధ్యలో డైరీ పేజీలు. వాడి తప్పు ఎంత, లేదా అసలు తప్పు ఉందా అన్నది రచయిత తేల్చి చెప్పడు. తీర్పు తర్వాత కూడా పాఠకుడి మనసులో విచారణ ఆగదు. నీతి కోసం వెతికేవారికి ఇందులో చేతికి అందేది తక్కువ. పదహారేళ్ళవాళ్ళు మాత్రం దీని మీద మా లైబ్రరీలో గంటసేపు వాదించుకోవడం నేను చూశాను.

ఆ తండ్రికి జాబితా రాసివ్వలేదు. అమ్మాయిని పిలిచి, ఏ కథ ముగిశాక కోపం వచ్చిందో చెప్పమన్నాను. ఆమె చెప్పిన దాన్నిబట్టి మూడు పుస్తకాలు తీశాను. ముద్ర ఉన్నది వాటిలో ఒకటే. ముద్ర పుస్తకం రచనా బలాన్ని చెబుతుంది. ఎదురుగా ఉన్న ఈ పిల్లకు అది ఇవాళ సరిపోతుందా లేదా అన్నది పిల్లతో మాట్లాడితేనే తెలుస్తుంది.

అపోహ: పెద్ద ప్రచురణ సంస్థలు ఎవరిని కోరుకుంటే వారికే బహుమతి.

ప్రింట్జ్ కమిటీలో తొమ్మిది మంది. ఏడాది పొడవునా గుట్టలకొద్దీ పుస్తకాలు చదువుతారు. ప్రచురణకర్తలూ రచయితలూ తమ పుస్తకాన్ని తామే ప్రతిపాదించుకోవడానికి వీల్లేదు. చర్చలు తలుపులు మూసిన గదిలో జరుగుతాయి, అక్కడి మాట బయటికి రాకూడదు. ప్రకటనకు ముందు కమిటీ అంతా ఒక ఫోను చుట్టూ చేరి విజేతకు కబురు చెబుతుంది. ఫలితంతో నేను ఏకీభవించని ఏళ్ళున్నాయి. అయినా వాళ్ళ చదువును నేను శంకించను.

అపోహ: బొమ్మల నవలలు చదవడం చదువు కిందికి రాదు.

2007లో ప్రింట్జ్ గెలిచింది జీన్ లువెన్ యాంగ్ బొమ్మల నవల ‘అమెరికన్ బార్న్ చైనీస్’. 2017లో గెలిచింది, అమెరికా నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమంలో దెబ్బలు తిన్న జాన్ లూయిస్ తన అనుభవాలతో ఇద్దరు సహకారులతో కలిసి తెచ్చిన ‘మార్చ్’ మూడో భాగం. అదీ బొమ్మల పుస్తకమే, పైగా కల్పన కాదు, చరిత్ర. బొమ్మల నవల చదివేవాడు మాటా గీతా రెండూ ఒకేసారి చదువుతాడు. పిల్లవాడి చేతిలోంచి దాన్ని లాక్కోకండి, దయచేసి.

అపోహ: టీనేజీ సాహిత్యం నిన్నమొన్న పుట్టిన వ్యాపారం.

మార్గరెట్ ఎడ్వర్డ్స్ అనే లైబ్రేరియన్ 1930ల నుంచే బాల్టిమోర్‌లోని ఈనోక్ ప్రాట్ లైబ్రరీలో టీనేజీ పిల్లల కోసం ప్రత్యేక సేవలు నడిపింది. 1940లలో గుర్రబ్బండికి పుస్తకాలెత్తి, లైబ్రరీ గడప తొక్కని పేటలకు తీసుకెళ్ళింది. ఆ బండి గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు తిప్పించిన పాతూరి నాగభూషణం గారు గుర్తొచ్చారు. పుస్తకం దగ్గరికి మనిషి రాలేకపోతే మనిషి దగ్గరికే పుస్తకం వెళ్ళాలని ఇద్దరికీ తెలుసు.

యాల్సాకు మూలమైన టీనేజీ సేవల విభాగం 1957లో ఏర్పడింది. ఎడ్వర్డ్స్ పేరు మీద జీవితకాల కృషికి పురస్కారం 1988లో మొదలైంది. దాన్ని తొలిసారి అందుకున్న ఎస్.ఇ. హింటన్ తొలి నవల 1967లో వచ్చినప్పుడు ఆమెకు పద్దెనిమిదేళ్ళు. తన వయసువాళ్ళ గురించి తన వయసువాళ్ళకే రాసింది. పెద్దల కోసం రాసినవాటిలో టీనేజీవాళ్ళు ఇష్టపడగల పది పుస్తకాలకు అలెక్స్ పురస్కారాలు కూడా ఏటా ఇస్తారు. ‘ఎప్పుడు పెద్దల పుస్తకాల్లోకి వెళతాడు’ అని బెంగపడే తల్లులకు నేను ముందు ఆ జాబితా చూపిస్తాను.

అపోహ: పండుగ పిల్లల పేరున, మాటలన్నీ పెద్దలవి.

నేను కూర్చున్న సమావేశాల్లో మరిచిపోలేనిది, యాల్సా వారి ఉత్తమ టీనేజీ కల్పన జాబితా కోసం స్థానిక పిల్లల అభిప్రాయాలు విన్నది. మహాసభ జరిగే ఊరి పిల్లలు, చేతిలో నలిగిన కాగితాలతో మైకు ముందు వరస కడతారు. కమిటీ సభ్యులు ఎదురుగా కూర్చుని వింటారు, జవాబు చెప్పరు, వాదించరు. మంచి పేరున్న ఒక నవల గురించి ఓ అమ్మాయి, “చివర్లో అమ్మ క్షమించేస్తుంది. మా ఇళ్ళలో అంత తొందరగా క్షమించరు,” అంది. గదిలో పెన్నులు కాగితాల మీద కదిలిన చప్పుడు నాకు ఇంకా చెవిలో ఉంది. జాబితాలు తయారుచేసే పద్ధతులు అప్పటి నుంచి మారుతూ వచ్చాయి. ఆ మైకు ఎక్కడ ఉంటే అక్కడికి నేను వెళతాను.

‘టీన్స్ టాప్ టెన్’ అని ఇంకొకటుంది. అందులో ప్రతిపాదించేదీ ఓటు వేసేదీ పిల్లలే. విజేతల పేర్లు ప్రకటించే అక్టోబరు నెలను లైబ్రరీలు ‘టీన్‌టోబర్’ పేరుతో టీనేజీవాళ్ళ పండుగగా జరుపుతున్నాయి.

అపోహ: లైబ్రేరియన్లు హద్దూ అదుపూ లేకుండా ఏది పడితే అది పిల్లల చేతిలో పెడతారు.

కొనే ప్రతి పుస్తకానికీ రాతపూర్వకమైన ఎంపిక విధానం ఉంటుంది. అభ్యంతరం చెప్పడానికీ ఒక పద్ధతి ఉంది. మీ పిల్లవాడు ఏం చదవాలో మీరు చెప్పవచ్చు. పక్కింటి పిల్లవాడు ఏం చదవకూడదో చెప్పే హక్కు మీకు లేదు, నాకూ లేదు. 2023లో అమెరికా బడుల్లోనూ లైబ్రరీల్లోనూ తొలగించాలని, అందుబాటు తగ్గించాలని ఒత్తిడి వచ్చిన పుస్తకాల సంఖ్య, అసోసియేషన్ లెక్క ప్రకారం, 4,240. అంత ఒత్తిడిలో ఒంటరిగా పనిచేసే లైబ్రేరియన్ భయపడి, ఎవరూ అడగకముందే కొనడం మానేస్తుంది. ఏడాదికోసారి తనలాంటి వేలమందిని చూసి ఇంటికెళ్ళిన లైబ్రేరియన్‌కు ఆ భయం తగ్గుతుంది. నాకు తగ్గింది.

అపోహ: ఇవన్నీ అమెరికా ముచ్చట్లు, మనకు అలవాటు లేనివి.

1914 ఏప్రిల్‌లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత స్థాయి సభ మొదలైంది. గ్రంథాలయ వారోత్సవాలు ఏటా ఆ తేదీనే మొదలవుతాయి. మహాసభలు మనకు నూరేళ్ళు దాటిన అలవాటు.

మనకు నిజంగా కొరవడినది పద్నాలుగు, పదిహేడేళ్ళ మధ్య పిల్లలకంటూ ఒక అర. సాహిత్య అకాడమీ యువ పురస్కారం యువత కోసం రాసిన పుస్తకాలకని కొందరు అనుకుంటారు. అది ముప్పై అయిదేళ్ళలోపు రచయితలకు ఇచ్చేది. బాల సాహిత్య పురస్కారం వేరే ఉంది. పాఠకుడి వయసు పదహారు అయినప్పుడు అతని కోసం ఎవరు రాశారో చూసి ఇచ్చే పురస్కారం తెలుగులో నాకు ఇంతవరకూ కనబడలేదు.

మొన్న నవంబరులో సెలవు పెట్టి అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు, వారోత్సవాల్లో ఒక శాఖా గ్రంథాలయానికి వెళ్ళాను. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళతో హాలు నిండి ఉంది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె పిల్లల బీరువా ముందు కాసేపు, పెద్దల నవలల ముందు కాసేపు నిలబడి, దినపత్రిక ఆదివారం అనుబంధం తీసుకుని కూర్చుంది. ఏం కావాలమ్మా అని అడిగాను. “నా అంత పిల్ల ఉండే కథ, అక్కా,” అంది. గ్రంథపాలకుడూ నేనూ కలిసి రెండు బీరువాలూ వెతికాం. పదకొండు పుస్తకాలు దొరికాయి. తలుపు పక్కనున్న ఖాళీ అరలో వాటిని వరసగా నిలబెట్టాం. అర మీద ఏం రాయాలని ఆయన అడిగితే, ఆ అమ్మాయినే అడగమన్నాను. స్కెచ్ పెన్ను తెచ్చి, ‘పదమూడు దాటినవాళ్ళకు’ అని రాసింది.