చీమకు ఇంటిదారి ఎలా తెలుస్తుంది: అపోహలు, వాస్తవాలు

చీమల నడవడికను గమనించడమే వృత్తి అయినందువల్ల, అంత చిన్న ప్రాణి ఇల్లెలా చేరుతుందని నన్ను చాలామంది అడుగుతుంటారు. అడిగినవారే ‘వాసన పట్టుకుని’ అని జవాబు కూడా చెప్పేస్తారు.

అపోహ: చీమలన్నీ వాసన జాడ వెంటే నడుస్తాయి.

వాస్తవం: వంటింటి గోడ మీది చీమలబారు విషయంలో ఇది చాలావరకు నిజం. బారుకు అడ్డంగా వేలితో గట్టిగా రుద్దితే చీమలు అక్కడ తడబడి, అటూ ఇటూ వెతుక్కుని, కాసేపటికి మళ్లీ బారు కడతాయి. ట్యునీషియా ఉప్పు మైదానాల్లోని కాటాగ్లిఫిస్ చీమ పద్ధతి వేరు. ఎండకు మాడి చచ్చిన పురుగుల కోసం మిట్టమధ్యాహ్నం ఒంటరిగా బయలుదేరే ఈ చీమ వాసన జాడ వేయదు. మెలికలు తిరుగుతూ వంద మీటర్లకు పైగా వెళ్లినా, తిండి దొరకగానే వచ్చిన దారిని వదిలేసి తిన్నగా తన కన్నం వైపు పరుగెడుతుంది.

అపోహ: చీమ కళ్లకు ఆకాశంతో పనిలేదు.

వాస్తవం: ట్యునీషియాలో స్థిరపడిన స్విస్ వైద్యుడు ఫెలిక్స్ శాంచీ, ఇంటిముఖం పట్టిన చీమలకు సూర్యుణ్ణి చాటుచేసి, ఎదుటివైపు నుంచి అద్దంలో చూపితే అవి దిశ మార్చుకున్నాయని 1911లో ప్రకటించారు. సూర్యుడు కనబడకపోయినా, కాస్త నీలాకాశం కనబడితే చాలు. ఆ వెలుగులో మన కంటికి అందని ధ్రువణ కాంతి (ఒకే దిశలో కంపించే కాంతి) అమరికను కాటాగ్లిఫిస్ కంటి పై అంచు గ్రహిస్తుంది.

అపోహ: దిక్కు తెలిస్తే ఇల్లు చేరినట్టే.

వాస్తవం: ఎంత దూరం నడవాలో కూడా తెలియాలి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం దీని గురించినదే. మథియాస్ విట్లింగర్, రూడిగర్ వేనర్, హారాల్డ్ వోల్ఫ్ 2006లో ప్రచురించిన ఆ ప్రయోగంలో, 10 మీటర్లు నడిచి తిండి చేరిన చీమల్లో కొన్నిటి కాళ్లకు పంది వెంట్రుకలు అతికించి పొడిగించారు, కొన్నిటి కాళ్లు పొట్టి చేశారు (వినడానికి కటువుగానే ఉంటుంది). పొడుగుకాళ్ల చీమలు సుమారు 15 మీటర్లు వెళ్లాక ఇంటి కోసం వెతకసాగాయి. పొట్టికాళ్లవి 6 మీటర్లు నిండకముందే ఆగాయి. తరువాత అవే కాళ్లతో పుట్ట నుంచి బయలుదేరినప్పుడు రెండు రకాల చీమలూ సరైన దూరమే నడిచాయి. అంటే, చీమ దగ్గర ఏదో ఒక రూపంలో అడుగుల లెక్క ఉందన్నమాట.

అపోహ: చోటు మార్చి వదిలితే చీమ పని అయిపోయినట్టే.

వాస్తవం: తిండితో బయలుదేరిన చీమను ఎత్తి మరోచోట వదిలితే, అది పాత లెక్క ప్రకారమే అదే దిక్కున అంతే దూరం నడిచి, లేని కన్నం దగ్గర ఆగుతుంది. ఆపై చుట్లు తిరుగుతూ, ప్రతి చుట్టు తరువాతా మొదటి చోటికి వచ్చి, అంతకన్నా పెద్ద చుట్టు మొదలుపెడుతుంది.